రీలుకూ కర్రకూ మధ్య దారం

పాత చేపల రీలు ఒకటి చేతికి వచ్చినవారు మొదట అడిగేది, దీనికి జోడీగా ఏ కర్ర పెట్టాలి అని. మామూలుగా వచ్చే జవాబు తేదీల జవాబు: రీలు ఏ సంవత్సరంలో తయారైందో తేల్చుకోండి, అదే కంపెనీ ఆ రోజుల్లో అమ్మిన కర్ర ఒకటి వెతికి తెచ్చుకోండి, అంతే. ఈ జవాబులో తప్పు లేదు. కానీ జోడీ ఎందుకు కుదురుతుందో, ఒక్కోసారి తేదీలన్నీ సరిపోయినా ఎందుకు కుదరదో అది చెప్పదు. పాత కర్రనూ పాత రీలునూ కలిపేది తయారీ సంవత్సరం కన్నా ముందుగా, ఆ రెంటి మధ్యా నడిచే దారం అన్నది నా వాదన. ఆ కాలపు దారం బరువుకు వంగేలా కర్రను చెక్కారు. ఆ కాలపు దారం ఎంత మందమో, ఎంత తడి పీల్చుకుంటుందో, ఎంత లాగితే తెగుతుందో చూసుకుని రీలును మలిచారు. ఎడ్ల జత కుదిర్చే రైతు పళ్లు లెక్కపెట్టకుండా ఉండడు, కానీ బేరం ఖాయం చేసేది మాత్రం నడక కలిసిందా లేదా అన్నదే. పాత సామాను జత కూర్చేవాళ్లు పళ్లు లెక్కపెట్టడం దగ్గరే ఆగిపోతున్నారు.

దారానికి ఇంత పెద్ద పీట ఎందుకో తెలియాలంటే ఫ్లై ఫిషింగ్ పద్ధతి కొంచెం తెలియాలి. మన చెరువు గట్టున గాలం వేసేవారికి దారం అంటే కొక్కేన్ని పట్టి ఉంచే తాడు. ఎర బరువో, సీసపు గుండు బరువో ముందుకు దూకుతుంది, దారం దాని వెంట పోతుంది. ఇంగ్లండు, స్కాట్లండు ఏరుల్లో ట్రౌట్, సాల్మన్ చేపల కోసం పెరిగిన ఫ్లై ఫిషింగ్‌లో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ ఎర అంటే చిన్న కొక్కేనికి ఈకలూ పట్టు పోగులూ చుట్టి కట్టిన ఈగ. దానికి చెప్పుకోదగ్గ బరువు లేదు. అందుకని బరువు దారంలోనే పెట్టారు. వేటగాడు విసిరేది దారాన్ని. ఈగ దాని కొసన ఊరికే వెళ్తుంది. కర్ర వెనక్కు వెళ్లినప్పుడు గాలిలో చాచుకున్న దారం దాన్ని వంచుతుంది, ముందుకు వచ్చేటప్పుడు ఆ వంపు విడిపోయి దారాన్ని తోస్తుంది. కాబట్టి ఒక కర్ర నెమ్మదైనదా, చురుకైనదా, బలహీనమైనదా అన్న మాటలకు దారం బరువు చెప్పకుండా అర్థం లేదు. సరైన దారం దొరకని మంచి కర్ర చేతిలో మొద్దుగా అనిపిస్తుంది. ఎన్నో పాత కర్రలకు చెడ్డపేరు రావడానికి కారణం ఇదే.

ఉదాహరణగా ఈ రంగంలో అందరూ ఎరిగిన రీలునే తీసుకుందాం. ఇంగ్లండు ఉత్తర కొసన, నార్తంబర్లాండ్‌లోని ఆనిక్ పట్టణంలో 1872లో మొదలైన హార్డీ బ్రదర్స్ సంస్థ 1888లో ఒక రీలుకు పేటెంటు తీసుకుని, 1891లో 'పర్ఫెక్ట్' పేరుతో అమ్మకానికి పెట్టింది. మొదట్లో మొత్తం ఇత్తడి. తర్వాత తేలికైన మిశ్రలోహపు ఒంటికి ఇత్తడి ముఖం. ఆ తర్వాత సీసపు రంగు పూతతో మెరుపు చంపేసిన రూపం. ఎండలో రీలు తళుక్కుమంటే చేప బెదురుతుందన్న ఆలోచన ఆ పూత వెనక ఉంది. దాని ప్రత్యేకతలు రెండు. దారం చుట్టుకునే డ్రమ్ము సన్నని ఇరుసు మీద కాకుండా, పెద్ద వలయంలో పేర్చిన ఉక్కు గుండ్ల మీద తిరుగుతుంది. చేతిపిడి విడిగా పొడుచుకొచ్చిన తిప్పుకర్ర మీద కాకుండా, తిరిగే పళ్లేనికే బిగించి ఉంటుంది కాబట్టి విసిరేటప్పుడు వదులు దారం దానికి చుట్టుకోదు. లోపల చెక్ అనే పళ్లచక్రమూ, దాన్ని ఒరుసుకునే నాలుకా ఉంటాయి. రీలు పాడే టకటక శబ్దం దానిదే. సేకరించేవాళ్లు ఈ చెక్ నమూనాలను బట్టి 1896 చెక్, 1912 చెక్ అని రీళ్ల వయసు చెబుతారు. చిన్నచిన్న మార్పులతో ఈ రీలు 1960ల దాకా తయారైంది. ఒకే పేరు అన్ని దశాబ్దాలు నిలవడం వల్ల 'పర్ఫెక్ట్‌కు తగిన కర్ర' అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. ఇత్తడి ముఖం ఉన్నదానికి ఒకటి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బూడిదరంగు పూతతో వచ్చినదానికి ఇంకొకటి.

ఆ చెక్ ఎందుకంత మెత్తగా ఉందని నేటి వాళ్లు అడుగుతారు. పరుగెత్తే చేపను ఆపగల బ్రేకు అందులో లేదు. డ్రమ్ము అదుపు తప్పి తిరిగి దారం చిక్కుపడకుండా చూడటానికి మాత్రమే అది సరిపోతుంది. కారణం దారపు కొసన ఉంది. ఆ రోజుల్లో ఈగకూ దారానికీ మధ్య కట్టే సన్నని కొసదారాన్ని గట్ అనేవారు. పట్టుపురుగు గూడు కట్టే ముందు దాని ఒంట్లోని పట్టు గ్రంథిని తీసి సాగదీస్తే వచ్చే పోగు అది. స్పెయిన్‌లోని ముర్సియా ప్రాంతం దానికి పేరుపొందింది. పొడిగా ఉంటే పెళుసు, నానబెడితే మెత్తన. నైలాన్‌లాగా సాగి ఊరుకునే గుణం దానికి లేదు. ఒక్కసారి గట్టిగా గుంజితే తెగిపోతుంది. అందుకని ఆపే పని రీలుకు అప్పగించలేదు. మెత్తగా వంగే వెదురు కర్రే చేప తోపును మింగాలి, మిగిలినది వేటగాడి వేళ్లు చూసుకోవాలి. కర్ర మెత్తదనమూ, చెక్ మెత్తదనమూ, గట్ పెళుసుదనమూ ఒకే నిర్ణయంలోని మూడు ముక్కలు. ఒకదాన్ని మార్చి మిగతావాటిని ఉంచితే ఆ నిర్ణయం కనబడకుండా పోతుంది.

ఇక అసలు దారం. 20వ శతాబ్దం మొదటి సగంలో ఫ్లై దారం అంటే అల్లిన పట్టు. దానికి అవిసె నూనె పట్టించి, ఆరబెట్టి, నునుపు చేసి, మళ్లీ పట్టించి తయారు చేసేవారు. పట్టు నీటికన్నా బరువైనది. పైపైన తేలాలంటే కొవ్వు రాయాలి. సగం రోజు వేటకే నీరు పీల్చుకుని మునగడం మొదలుపెడుతుంది, మళ్లీ తుడిచి మళ్లీ రాయాలి. సాయంత్రం ఇంటికి వచ్చాక రీలు నుంచి మొత్తం విప్పి, దారం ఆరబెట్టే చట్రానికి చుట్టకపోతే లోపలి చుట్లు కుళ్లుతాయి. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు చార్లెస్ ఆర్విస్ 1874లో పేటెంటు తీసుకున్న రీలుకు పక్క పళ్లేల నిండా రంధ్రాలు కనబడతాయి. బరువు తగ్గడం వాటి ఒక ప్రయోజనం, తడి పట్టుకు గాలి తగలడం రెండోది. అలంకారమనుకుని మెచ్చుకునే ఆ రంధ్రాల వరుస నిజానికి పట్టు దారంతో పడ్డ పాట్లకు ఒక జవాబు. ఆ రీలుకు పట్టు తీసేసి ప్లాస్టిక్ పూత దారం చుట్టి అద్దాల బీరువాలో పెడితే, ఆ రంధ్రాలు ఎందుకున్నాయో చెప్పే సాక్షి పోయినట్టే.

పట్టు దారాలను కొలిచిన తీరు ఇంకా ముఖ్యం, ఎందుకంటే పాత కర్రలకు జోడీ వెతికేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అప్పట్లో దారం పరిమాణాన్ని ఇంగ్లిష్ అక్షరాలతో చెప్పేవారు. అవి మందాన్ని కొలిచే అక్షరాలు. ఏ అంటే అంగుళంలో వెయ్యింట 60 వంతులు. అక్కడి నుంచి ఒక్కో అక్షరానికి 5 చొప్పున తగ్గుతూ డి అంటే 45, హెచ్ అంటే 25, ఐ అంటే 20. హెచ్ డి హెచ్ అని రాసి ఉంటే రెండు కొసలా సన్నగా, నడుమ లావుగా ఉన్న దారం అన్నమాట. అందరూ పట్టే వాడినంత కాలం మందం చెబితే బరువు చెప్పినట్టే. నైలాన్ వచ్చాక ఈ ఒప్పందం చెడిపోయింది. నైలాన్ పట్టుకన్నా తేలిక. అదే హెచ్ డి హెచ్ అక్షరాలున్న నైలాన్ దారం ఆ కర్రను సరిగా వంచలేకపోయింది. 1950ల్లో ప్లాస్టిక్ పూత దారాలు వచ్చి గందరగోళం ఇంకా పెరిగింది. చివరికి 1961లో అమెరికా తయారీదారుల సంఘం మందాన్ని వదిలేసి బరువుతో కొత్త అంకెలు పెట్టింది. దారపు మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు తూగితే 5వ నంబరు, 160 తూగితే 6వ నంబరు. మన కొలతల్లో చెప్పాలంటే సుమారు 9 గ్రాములు, 10 గ్రాముల పైచిలుకు. పాత పట్టు హెచ్ డి హెచ్‌ను నేటి 6వ నంబరుకు దగ్గరగా లెక్కిస్తారు. కర్ర మీద అక్షరాలుండి, మన చేతిలో అంకెల దారం ఉన్నప్పుడు ఈ చరిత్ర తెలియకపోతే తప్పు దారం పడుతుంది, నింద కర్ర మీద పడుతుంది.

ఇందులోంచి తేదీల పద్ధతి ముడి విప్పలేని ఒక చిక్కు పుడుతుంది. తొమ్మిదడుగుల వెదురు కర్ర, దానికి 3⅛ అంగుళాల పర్ఫెక్ట్, రెండూ 1920ల నాటివే అనుకుందాం. జోడీ నిక్షేపంలా ఉంది. కర్ర 6వ నంబరు బరువు కోరుతుంది. నేడు సులువుగా దొరికే తేలే దారం నీటికన్నా తేలిక కావాలి కాబట్టి అదే బరువుకు పట్టుకన్నా లావుగా ఉంటుంది. సాంద్రతల లెక్క వేస్తే దాదాపు మూడో వంతు ఎక్కువ చోటు తింటుంది. ఆ దారం మొత్తం, దాని కింద చుట్టే అదనపు తాడుతో సహా, ఆ రీల్లో ఇమడదు. అప్పుడు కొందరు 5వ నంబరు చుట్టి సర్దుకుంటారు, కర్ర ఆకలితో ఉంటుంది. కొందరు 3⅜ అంగుళాల రీలుకు మారతారు, బరువు పెరుగుతుంది. ఆనాటి వేటగాడికి చక్కగా నడిచిన జోడీ, తేదీలన్నీ సరిపోయినా, ఇవాళ నడవదు. మారింది దారం ఒక్కటే. నా వాదనకు ఇంతకన్నా సూటి రుజువు అక్కర్లేదనుకుంటాను.

కర్ర వైపు నుంచి చూసినా దారి అక్కడికే తీస్తుంది. మొదట్లో కర్రలు గ్రీన్‌హార్ట్ అనే దక్షిణ అమెరికా గట్టి కలపతో, లాన్స్‌వుడ్‌తో చేసేవారు. 19వ శతాబ్దం నడుమ అమెరికాలోని పెన్సిల్వేనియాలో శామ్యూల్ ఫిలిప్ వెదురును చీల్చి, చీలికలను అతికించి కర్ర చేసే పద్ధతికి ఆద్యుల్లో ఒకడయ్యాడు. మెయిన్ రాష్ట్రపు హైరమ్ లెనార్డ్ ఆరు చీలికలను యంత్రం మీద ఖచ్చితంగా కోయడం సాధించి దాన్ని పరిశ్రమ చేశాడు. వెదురులో బలమంతా పైపొరకు ఆనుకుని ఉన్న నారలో ఉంటుంది. బొంగును చీల్చి, ఒక్కో చీలికను 60 డిగ్రీల కోణాలతో ముక్కోణపు కడ్డీగా చిత్రిక పట్టి, ఆ నార వెలుపలికి వచ్చేలా ఆరింటినీ అతికిస్తే, నిండుగా ఉండీ చివరి దాకా ఒకేలా వంగే కర్ర తయారవుతుంది. మొదటి తరం కర్రలకు వాడింది కలకత్తా నుంచి వెళ్లిన వెదురు. మన తూర్పు కొండల్లోనూ, నల్లమలలోనూ, గోదావరి పక్క అడవుల్లోనూ పెరిగే గట్టి కంక వెదురు జాతే అది. కాల్చిన మచ్చలు ఉంటే ఆ కర్ర చాలావరకు కలకత్తా వెదురని గుర్తుపట్టవచ్చు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో దాని చోటును చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు టోంకిన్ వెదురు ఆక్రమించింది. కణుపులు దూరంగా, నార దట్టంగా ఉండటం దాని బలం. అతుకు జిగురు అంత నమ్మదగినది కాని రోజుల్లో అంగుళానికో చోట పట్టు దారంతో కట్లు కట్టేవారు. జిగుళ్లు మెరుగుపడ్డాక ఆ కట్లు తగ్గాయి. కాబట్టి దట్టమైన కట్లున్న, కాల్చిన మచ్చల వెదురు కర్ర కనబడితే దానికి ఇత్తడి ముఖపు రీలును దగ్గర చేయవచ్చు. కట్లు పలచబడిన టోంకిన్ కర్రకు సీసపు పూత రీలు పొందుతుంది.

ఆచరణలో ఎక్కడ మొదలుపెట్టాలంటే, కర్ర దగ్గర మొదలుపెట్టమంటాను. రీలు కొంచెం అటూఇటూ అయినా పని నడుస్తుంది. కర్రకు దారం తప్పితే నడవదు. గుర్తులేవీ లేని కర్ర అయితే తేలిక దారంతో మొదలుపెట్టి, ముప్పై అడుగుల దారం గాలిలో ఉన్నప్పుడు కర్ర నడుము దాకా వంగుతోందా అని చూస్తూ ఒక్కో నంబరు పెంచాలి. బరువైన దారంతో మొదలుపెట్టడం ప్రమాదం, ఎనభై ఏళ్ల అతుకు ఆ పరీక్షకు తట్టుకోకపోవచ్చు. దారం తేలాక, అది పూర్తిగా పట్టే రీలు ఎంత వెడల్పుదో తేలుతుంది. ఆ తర్వాత రీలు పాదం. పాత బ్రిటిష్ రీళ్ల పాదం పొడవుగా ఉండి, అమెరికన్ కర్రల మీది జారే ఉంగరాల కింద దూరకపోవడం మామూలే. అలాంటప్పుడు ఆకురాయి తీసి పాదం అరగదీసినవాళ్లు ఆ కాలంలోనే బోలెడుమంది. ఇప్పుడు ఆ పని చేయవద్దని గట్టిగా చెబుతాను. అరగదీసిన పాదం మళ్లీ రాదు. కుదరని పాదం కనబడితే ఈ రెండూ ఒకదానికోసం ఒకటి పుట్టలేదని ఒప్పుకుని వేరే జోడీ వెతకడమే మర్యాద.

బరువు గురించి ఒక నమ్మకం బలంగా పాతుకుపోయింది. బరువైన పాత రీలు పొడవాటి వెదురు కర్రను తూకంలో నిలబెడుతుందనీ, అందుకే ఆ కాలం వాళ్లు బరువు రీళ్లు చేశారనీ అంటారు. సగం నిజం. కర్రను కదలకుండా పట్టుకుని దారం నీటి మీద నడుస్తుంటే చూస్తున్నప్పుడు, పిడి వెనక ఉన్న రీలు బరువు కొసను పైకి లేపుతుంది, మణికట్టుకు సాయపడుతుంది. కానీ విసిరేటప్పుడు చెయ్యి ఒకచోట నిలిచి ఉండే ఇరుసు కాదు, రీలుతో సహా మొత్తాన్నీ వెనక్కూ ముందుకూ తోస్తుంది. అప్పుడు అదనపు బరువు అదనపు పనే. కొస దగ్గరి బరువును అది ఒక్క గ్రాము కూడా తగ్గించదు. కాబట్టి కర్రను వేలి మీద తూచి, పిడికి కాస్త ముందు నిలిచేదాకా బరువైన రీలు వెతకడం అనే ఆచారాన్ని నేను అంత తీవ్రంగా తీసుకోను. దారం కుదిరాక మిగిలిన రెండు మూడు రీళ్లలో ఒకదాన్ని ఎంచుకోవడానికి మాత్రం అది పనికొస్తుంది.

ఇంతకీ ఒకే కాలం అంటే ఎంత? కొందరు ఒకే సంస్థ, ఒకే దశాబ్దం, వీలైతే ఒకే ఏడాది జాబితా కావాలంటారు. ఆ పట్టుదల వల్ల కొన్ని అందమైన జోడీలు నిలిచాయి, అది కాదనను. కానీ ఆ కాలపు వేటగాళ్లే అలా బతకలేదు. ఇచెన్ ఏటి ఒడ్డున తన పద్ధతులకు రూపమిచ్చిన ఇంగ్లిష్ రచయిత జి.ఇ.ఎమ్. స్క్యూస్ ప్రపంచంలోనే ఉత్తమమైనదని ముద్దుగా పిలుచుకున్న కర్ర అమెరికాలో లెనార్డ్ చేసినది. ఇత్తడి, మిశ్రలోహాలు కొయ్య కన్నా ఎక్కువ కాలం బతుకుతాయి. కర్ర కొస విరగడం, కొడుకు కొత్త కర్ర కొని తండ్రి రీలునే దానికి తగిలించడం ఎన్నో ఇళ్లలో జరిగి ఉంటాయి. ఆ సంగతి మరిచి సంవత్సరాలను ఒక్కొక్కటిగా సరిచూడటం చరిత్రకన్నా శుభ్రమైన చరిత్రను తయారు చేయడమే. దారాన్ని కొలబద్దగా పెట్టుకుంటే ఈ చిక్కు తీరుతుంది. పట్టు దారమూ గట్ కొసా వాడిన కాలం మొత్తం, 19వ శతాబ్దం చివరి నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా, ఒక కాలం. అందులో 1900 నాటి రీలునూ 1930 నాటి కర్రనూ కలిపితే తప్పు పట్టాల్సింది ఏమీ ఉండదు. 1955 నాటి నైలాన్ కాలపు రీలునూ 1935 నాటి కర్రనూ కలిపితే, మధ్య దూరం ఇరవై ఏళ్లే అయినా, రెండు వేరు లోకాలు కలిసినట్టు.

ఫ్లై ఫిషింగ్ వెలుపల కూడా ఈ కొలబద్ద పనిచేస్తుంది. కెంటకీ రాష్ట్రంలోని పారిస్ పట్టణపు గడియారాల పనివాడు జార్జ్ స్నైడర్ 19వ శతాబ్దం తొలినాళ్లలో చేసిన మల్టిప్లయర్ రీలు, పళ్లచక్రాల సాయంతో, చేతిపిడి ఒక చుట్టు తిరిగేలోగా డ్రమ్మును పలు చుట్లు తిప్పుతుంది. అది కర్ర మీద కూర్చుంటుంది, బొటనవేలు డ్రమ్మును అదుపు చేస్తుంది, సన్నని పట్టు తాడు బరువైన ఎరతో పోతుంది. దానికి జోడీ పొట్టి కర్ర. జేమ్స్ హెన్షల్ 1881లో బ్లాక్ బాస్ చేప గురించి రాసిన పుస్తకంతో పేరొచ్చిన కర్ర ఎనిమిదడుగుల పైచిలుకు, తర్వాతివి ఇంకా పొట్టివి. ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ మిల్లుల మనిషి ఇల్లింగ్‌వర్త్ 1905లో పేటెంటు తీసుకున్న రీల్లో డ్రమ్ము తిరగదు, మిల్లు కదురు మీంచి నూలు జారినట్టే దారం దాని అంచు మీంచి జారిపోతుంది. వెంట్రుక లాంటి సన్నని దారానికి అది వరం, దానికి తేలిక కర్ర కావాలి. నైలాన్ ఒంటిపోగు వచ్చాక ఆ ఆలోచన పూర్తిగా విప్పారింది. ఫ్రాన్స్‌లో గడియారాల తయారీకి పేరుబడ్డ క్లూజ్ పట్టణం నుంచి వచ్చిన మిచెల్ రీళ్లు యుద్ధం తర్వాత ఊరూరా చేరాయి. వాటికి సహజమైన తోడు 1940ల చివర పుట్టిన గాజునార కర్రలు. అయినా అతికించిన వెదురు వెంటనే తప్పుకోలేదు. రిచర్డ్ వాకర్ 1952లో రెడ్‌మైర్ కొలనులో 44 పౌండ్ల కార్ప్ చేపను పట్టింది తాను రూపొందించిన పదడుగుల వెదురు కర్రతోనే. వెదురు కనబడగానే పట్టు కాలం అనుకోకూడదు. ఆ కర్ర ఏ దారం కోసం పుట్టిందో అడగాలి.

ఇంత శ్రమ ఎందుకు, పాత రీలును నేటి కార్బన్ నార కర్రకు తగిలిస్తే చాలదా అనేవారున్నారు. చేప పట్టడమే గమ్యమైతే చాలు. కార్బన్ కర్ర తేలిక, దూరం విసురుతుంది, తడికి పాడవదు. వాదన గెలవడం కోసం ఈ నిజాలను తగ్గించి చెప్పను. కానీ పాత రీలును దగ్గర పెట్టుకోవడంలో మన గమ్యం వేరు. ఆ మెత్తని చెక్, ఆ డ్రమ్ము పరిమాణం, ఆ రంధ్రాలు ఒక సమస్యకు జవాబులు. సమస్యను పక్కకు తీసేస్తే జవాబులు వింతలుగా మిగులుతాయి. తగిన కర్రతో, తగిన దారంతో ఒక గంట వాడితే ఆ నిర్ణయాల కారణం చేతికి తెలుస్తుంది. ఇక రెండో వైపు నుంచి వచ్చే మాట: పాత వస్తువులను వాడితే పాడవుతాయి, బీరువాలోనే ఉంచాలి అని. దీన్లో బలం ఉంది. వంకర పోయిన వెదురును మళ్లీ నిటారు చేయడం అందరి పనీ కాదు. కర్ర ముక్కలను కలిపే ఫెర్రూల్ లోహపు గొట్టం వదులైతే కొత్తది దొరకడం కష్టం. అరుదైన మొదటి తరం ఇత్తడి రీళ్లను, కలకత్తా వెదురు కర్రలను ఏటికి తీసుకెళ్లవద్దనే నేనూ అంటాను. అయితే వేలల్లో తయారైన 1930ల నాటి రీలూ, గట్టి అతుకున్న కర్రా వాడకంతో చెడేదానికన్నా మరుపుతో చెడేది ఎక్కువ. ఆరబెట్టని దారం కింద తుప్పు పట్టేదీ, గోడకు ఏటవాలుగా ఆనించి ఉంచడం వల్ల కర్ర వంగిపోయేదీ వాడని ఇళ్లలోనే.

తెలుగు పాఠకులకు ఇంకొక అభ్యంతరం కలగడం న్యాయం. ఇది దొరల సరదా కదా, మనకెందుకు? ఆ చరిత్రలో అధికారం ఉంది, దాచాల్సిన పని లేదు. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెచ్.ఎస్. థామస్ దక్షిణ కన్నడ కలెక్టరుగా ఉంటూ 1873లో మంగుళూరులో అచ్చు వేసిన 'ది రాడ్ ఇన్ ఇండియా' మాసీర్ చేప కోసం ఇక్కడి నదులకు వచ్చే తెల్లవారికి దారి చూపిన పుస్తకం. కానీ ఆ సామానులో మన పాలు కూడా ఉంది. తొలి తరం అతికిన కర్రల వెదురు మన దేశపు అడవుల్లో కూలీలు నరికి, భుజాన మోసి, ఓడకెక్కించినది. వారి పేర్లు ఏ జాబితాలోనూ లేవు, సీసా మూత మీది ముద్రలా కంపెనీ పేరు ఒక్కటే కర్ర మీద మిగిలింది. ఒక పాత కర్రను జాగ్రత్తగా చదివి, అది కలకత్తా వెదురా టోంకినా అని తేల్చి, ఆ వివరం రాసిపెట్టడం దొరతనాన్ని పొగడటం అవ్వదు. ఆ పని చరిత్రలో మరుగుపడ్డ చేతులకు చెందాల్సిన చోటును కొంతైనా తిరిగి ఇస్తుంది.

ఈ జోడీలకు నేడు అన్నిటికన్నా పెద్ద ముప్పు అమ్మకం. రీలు చిన్నది, పెట్టెలో పెట్టి పోస్టులో పంపవచ్చు, దానికి ధర ఎక్కువ. కర్ర పొడవు, పంపడం ఖర్చు, దారిలో విరుగుతుంది. అందుకని ఒక ఇంట్లో అరవై ఏళ్లు కలిసి ఉన్న రెండూ ఒకే రోజున రెండు దిక్కులకు పోతాయి. పోతే పోనీ అనుకున్నా, రీలు మీద ఇంకా చుట్టి ఉన్న పాత దారాన్ని చెత్తబుట్టలో వేయడం మాత్రం క్షమించరానిది. జిగటగా, నల్లబడి, ముట్టుకుంటే తెగేలా ఉన్నా ఆ దారమే ఆ రెంటి సంబంధానికి మిగిలిన సాక్ష్యం. దాన్ని విప్పేటప్పుడు మైక్రోమీటరుతో కొసన ఒకసారి, పది అడుగుల దగ్గర ఒకసారి, నడుమ రెండు మూడు చోట్ల మందం కొలవాలి. తెగకుండా విప్పగలిగితే 30 అడుగుల బరువు తూచాలి. అల్లికా, ఒంటిపోగా, కొస ఒక వైపే సన్నబడిందా, రెండు వైపులా సన్నబడిందా అన్నది చూడాలి. ఆ అంకెలను రీలు లోపలి నంబరు, కర్ర మీది వరుస సంఖ్య, కర్ర పొడవు, ముక్కలెన్ని అన్న వివరాలతో కలిపి ఒక కాగితం మీద రాసి, కర్ర సంచిలో ఒక ప్రతి, రీలు పెట్టెలో ఒక ప్రతి ఉంచాలి.